వెనక వచ్చిన సైకిలు

కోకాపేట టవర్లలో వంటపనికి తెల్లవారకముందే సైకిలు మీద పోతాను. ఆ రోజు సైకిళ్ల దారికి అడ్డంగా కార్లు నిలిపి ఉంటే పెద్ద రోడ్డెక్కాను. హెల్మెట్ పెట్టుకున్న ఒకడు కూడా సైకిలుతో నా వెనకే ఎక్కాడు. నేను నెమ్మదిస్తే వాడూ నెమ్మదించాడు. గొలుసు దొంగే అనుకుని మెడ పట్టుకున్నాను. మొగుడు పోయినప్పటి నుంచి అది బోసి మెడే.

"ఏందిరా, ఎంట పడ్డవ్? నా మెడల ఏం లేదు, పో!" అని అరిచాను.

"నీ సైకిల్‌కు ఎనక లైట్ లేదమ్మా. కార్లోళ్లకు కనవడవు. నాకుంది, నువ్వు నడువు" అన్నాడు.

నమ్మలేదు. మలుపు దాకా తిరిగి తిరిగి చూస్తూనే తొక్కాను. అక్కడ అడ్డంగా నిలిపిన కార్లు అయిపోగానే అతను సైకిళ్ల దారిలోకి దిగిపోయాడు.

ఇప్పుడు నా సైకిలుకూ ఎర్ర లైటుంది. వెనక ఎవరైనా వస్తే మాత్రం చెయ్యి ఇంకా మెడ మీదికే పోతుంది.