గురువమ్మ తెచ్చిన కార్డు

అరవై దాటినవాళ్లకు ఫోనులోనే తెలుగు చదవడం నేర్పాలన్న పిచ్చి నాకు రిటైరయ్యాక పట్టింది. మేనకోడలు అర్పిత ఫోను వ్యవహారమంతా నెత్తిన వేసుకుంది. ముప్ఫై మంది పేర్లిచ్చారు. అ ఆలతో కాకుండా, ఎవరింట్లో ఏ కాగితం చదవాలని ఆశ ఉందో దానితోనే పాఠం మొదలుపెట్టాలన్నది నా ఉపాయం. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని పెద్దలు ఊరికే అనలేదు.

ముందు ఒకరితో సరిచూసుకోవాలి కదా, ఎదురింటి గురువమ్మను పిలిచాను. ఆమెది రాయల్పాడు. గని కార్మికుడు అంజినప్పను కట్టుకుని కేజీఎఫ్ వచ్చింది. గనులు మూతపడ్డాక ఊపిరితిత్తులు చెడి ఆయన పోతే, ఆకుకూరలమ్మి కొడుకును నిలబెట్టింది. ఎవరి ముందూ చెయ్యి చాచని మనిషి, ఉత్తరం వస్తే మాత్రం నా గడప తొక్కేది.

ఆమె పాత పోస్టుకార్డు తెచ్చింది. "మాయమ్మ రాయించిన ఆకరి కార్డు టీచరమ్మా. నా నోటితో నేనే చదవాల."

ముప్ఫై ఎనిమిదేళ్ల కిందట ఆ కార్డును మొదట అంజినప్పకు చదివి వినిపించాను. అప్పుడు గురువమ్మకు ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. "ఆ ఒక్క మాట చదవద్దమ్మా. కాన్పయినాంక నేనే చెప్తాను" అని ఆయన బతిమాలాడు. నేను ఆమెకు అందరూ క్షేమమని చదివాను. కాన్పుకు ముందే ఆమె తల్లి పోయింది. ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మొగుడూ పెళ్లాల మధ్య నాకెందుకులే అనుకున్నాను. అంతకన్నా పిరికి మాట లేదు.

రేషన్ కార్డు చదువుదామక్కా అన్నాను. వినలేదు. రెండు నెలలు రోజుకో మాట కూడబలుక్కుంది. నేర్పుతూనే, ఈమెకు చదువు రాకపోతే బాగుండునని కోరుకున్న పంతులమ్మను నేను.

ఫోను పాఠాల ప్రారంభానికి నాలుగు రోజుల ముందు చివరి వరుసకు వచ్చింది. "గురువా... నాకు... బాగలేదు... ఒక్కసారి... వచ్చి... చూసిపో."

వేలు అక్కడే ఆగింది. "ఆ పొద్దు నువ్వు చదివితివే, ఈ మాట యాడుండె?"

జరిగింది చెప్పేశాను. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఆయప్పయితే బయపడినాడు. కాన్పయినాంక ఇన్నేండ్లు నువ్వు నా ఎదురింట్లోనే ఉంటివి కదమ్మా" అని, కార్డు కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది.

ఆదివారం ఫోనులో ముఖాలన్నీ వచ్చాయి. గురువమ్మ ఇక రాదనుకున్నాను. చివర్లో వచ్చింది. మొదట నేర్చుకున్నావు కదా, రెండు మాటలు చెప్పవ్వా అని అర్పిత అడిగింది. దానికేం తెలుసు?

గురువమ్మ కార్డు పైకెత్తి చూపింది. "నేర్చుకోండమ్మా. మీయమ్మ మాట ఇంగొకరి నోట వినద్దండి."

అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు లేవలేదు.