ప్యానెల్ ముందు రెండో కుర్చీ

గోదావరి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం.

తొంభైల చివర్లో రాజోలు వైపు ఒక గ్యాస్ కేంద్రంలో నేను ప్యానెల్ చూసేవాణ్ణి. బావుల నుంచి వచ్చే గొట్టాల్లో ప్రెషర్ ఎంతుందో ఆ దీపాలూ ముళ్లూ చెప్పేవి. ముందు రెండు కుర్చీలు. ఒకటి నాది, రెండోది నేను బాబాయిగారూ అని పిలిచే పెద్దాయనది. రెండోది తీసేసినా పని నడుస్తుందా అని తేల్చడానికి, మనసు మీద పడే బరువు కొలిచే మేడమ్ ఒకావిడ వచ్చింది.

నా ఛాతీకి తీగలు అంటించింది, గుండె కొట్టుకునే తీరును ఒక పెన్ను కాగితం మీద గీస్తుందట. చెవిలో బీప్ వినబడ్డప్పుడల్లా బటన్ నొక్కాలి. ఆవిడ అడిగినప్పుడు పని బరువు పదికి ఎంతో చెప్పాలి. బాబాయిగారు వెనక కూర్చోవాలి, కలగజేసుకోకూడదు.

"తొమ్మిదికి తగ్గకురా అబ్బాయ్. నువ్వొక్కడివే ఇక్కడుంటే నాకు ఇంటికాడ ముద్ద దిగదు," అన్నారాయన ముందే.

"పదకొండు చెప్పెయ్యమంటారా అండీ?"

నవ్వబోయి, కిటికీలోంచి కొబ్బరితోటల మధ్య మా ఇళ్ల కప్పులు చూసి ఇద్దరం ఆగిపోయాం.

తీరా ఆవిడ "ఎలా ఉందండీ?" అనగానే, "ఆయ్, పర్లేదండి. రెండు" అనేశాను. పైనుంచి వచ్చిన మనిషి కుశలం అడిగితే కష్టం చెప్పుకోవడం మా వైపు మర్యాద కాదు. వెనక బాబాయిగారు గట్టిగా దగ్గారు.

ఇంతలో ఒక గొట్టంలో ప్రెషర్ పెరగసాగింది. ఫోన్ మోగింది. ఇంకో గొట్టం ముల్లు సున్నా వైపు పడిపోయింది. ఏది ముందు పట్టుకోవాలో తెలియలేదు. పొరపాటున వేరే వాల్వ్ తిప్పితే ఆ కప్పుల కింద ఉన్నవాళ్లు... నా గుండె గీతలు గీస్తున్న పెన్ను కాగితం దాటి బల్ల మీద రాయసాగింది.

"ఎలా ఉందండీ?"

"పర్లేదండి. మూడు."

"మీరు బటన్ నొక్కడం మానేశారు."

"ఏ బటనండీ?"

ఆవిడ మొహం పాలిపోయింది. "మీరు వెంటనే కుర్చీలోకి వచ్చెయ్యండి," అంది బాబాయిగారితో. పడిపోయిన ముల్లు సంగతి ఆయన అందుకున్నారు. పెరుగుతున్నది నేను పట్టుకున్నాను. మెల్లగా రెండూ దారికొచ్చాయి. అప్పుడు వినబడింది బీప్. అంతసేపూ మోగుతూనే ఉందట.

"మీ వైపు నోటిని అడిగి లాభం లేదు. నొక్కని బటనే నిజం చెప్పింది," అంది ఆవిడ తీగలు విప్పుతూ. "మనసు మీద బరువు ఎక్కువైతే ముందు వినబడకుండా పోయేది బీపే. ఇంకాస్త ఆగితే ముళ్లు కూడా మీకు కనబడేవి కావు."

రెండో కుర్చీ ఉంచేశారు. "మూడంట, మూడు," అని బాబాయిగారు సాయంత్రం దాకా సణుగుతూనే ఉన్నారు.

ఒట్టేశాను గనుక ఒప్పుకుంటున్నాను. పెన్ను బల్ల మీద రాసిందన్నది కల్పన, అది కాగితం దాటలేదు. బీప్ వినబడకపోవడం మాత్రం నిజం. ఇప్పటికీ ఇల్లు సద్దుమణిగితే, ఏదో మోగుతోందేమో, నాకే వినబడట్లేదేమో అని చెవులు రిక్కించి కూర్చుంటాను.