పాత నెంబర్లకు తిరిగిపోయే ల్యాబ్

నల్గొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పదేళ్లుగా పనిచేస్తున్నాను. పిల్లలు నన్ను 'అన్నా' అని పిలుస్తారు. అది ప్రేమే అనుకునేవాణ్ణి. ఈమధ్యే ల్యాబ్‌లో నాతోపాటు పనికి చేరి, పానగల్ నుంచి రోజూ ఆటోలో వచ్చే అమ్మాయిని మాత్రం మొదటి రోజు నుంచే 'మేడం' అన్నారు. నా ఒళ్లు మండిపోయింది.

వాళ్ల నాన్న బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేస్తాడట. ఆమె కూడా ఏ మిషన్ ముందు కూర్చున్నా తొందరపడదు. ఆ నింపాదితనం చూస్తేనే నాకు గిట్టేది కాదు. పైగా ప్రిన్సిపాల్, "మీ ఇద్దర్ల ఎవరు మంచిగ చూసుకుంటే వాళ్లే ల్యాబ్ ఇన్‌ఛార్జి" అని ఒక మాట అనేశాడు. పదేళ్లుగా నేను కాచుకుని కూర్చున్న కుర్చీ అది. నిన్న మొన్న వచ్చిన మనిషితో పోటీ పడి గెలుచుకోవాలట!

ఆ వారమే కాలేజీకి కొత్త ఇంటర్నెట్ లైను వేశారు. దాంతో ప్రతి కంప్యూటర్‌లోనూ నెట్‌వర్క్ అడ్రస్ నెంబర్లు మార్చాల్సి వచ్చింది. ఆమె సాయం చేస్తానంటే వద్దని, ముప్పై మిషన్లకూ నేనే కొట్టాను. సాయంత్రానికి అన్నింటిలోనూ నెట్ వచ్చింది. తెల్లారి చూస్తే ఒక్కదాంట్లోనూ లేదు. అన్నింటిలోనూ మళ్లీ పాత నెంబర్లే.

మళ్లీ కొట్టాను. మర్నాడు మళ్లీ పాతవే. ఇట్లా మూడు రోజులు. ల్యాబ్ తాళంచెవులు ఇద్దరి దగ్గరే ఉన్నాయి, నా దగ్గరా ఆమె దగ్గరా. ఇంకేం కావాలి? నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను.

"సార్, ఆమెనే మారుస్తాంది. నన్ను బద్నాం చేయనీకి."

"కండ్లతోని చూసినవా?"

"రేపు పొద్దున మీకే చూపిస్త సార్."

ఆ సాయంత్రం మళ్లీ కొత్త నెంబర్లు కొట్టి, మిషన్లన్నీ బందు చేశాను. మర్నాడు ప్రిన్సిపాల్, నేను ముందే వచ్చి ల్యాబ్ తలుపు దగ్గర నిలబడ్డాం. ఆమె వచ్చింది. తాళం తీసింది, మెయిన్ స్విచ్ వేసింది, మిషన్లన్నీ ఆన్ చేసింది. ఒక్క కీబోర్డు ముట్టలేదు. ప్రిన్సిపాల్ మొదటి మిషన్ ముందు కూర్చుని నాతోనే సెట్టింగులు తెరిపించాడు. పాత నెంబరే.

"ఆమె ముట్టనన్న ముట్టలే గద?" అన్నాడు నా వైపు చూసి.

మేం ఎందుకొచ్చామో తెలియని ఆమె, నెంబర్ల గురించే అడుగుతున్నామనుకుంది. "భయ్యా, పోరగాండ్లు ఏం గెలికినా మిషన్ బందు చేసి వేస్తే పాతలెక్కనే కావాలని ఒక సాఫ్ట్‌వేర్ పెట్టిండ్రు గద మీరు. అది మీరు మార్చింది గూడ తీసేస్తున్నట్టుంది. జర దాన్ని ఆపి, నెంబర్లు కొట్టి, మళ్ల పెట్టుండ్రి. ఇగ మారవు."

నిజమే. ఎప్పుడో నేనే పెట్టాను, నేనే మరిచిపోయాను. పిల్లల కోతిపనులను తుడిచేసినట్టే అది నా కష్టాన్నీ తుడిచేస్తోంది.

"నీకెప్పుడు తెల్సింది?" అని ఆమెను అడిగాడు ప్రిన్సిపాల్.

"మొదటి దినమే అనుమానం వచ్చింది సార్. పదేండ్ల సంది చేస్తున్నరు, భయ్యాకు తెల్వదా అని ఊకున్న."

తిట్టినా అంత మండేది కాదు. ప్రిన్సిపాల్ అక్కడికక్కడే, "అయితే నువ్వే ఇన్‌ఛార్జివి" అన్నాడు ఆమెతో.

"నాకెందుకు సార్, భయ్యానే పెట్టుండ్రి. నాకీ మిషన్లు చాలు," అంటూ ఆమె నవ్వింది. అక్కడితో వదిలేసి, మౌస్ సరిగ్గా పనిచేయని ఒక కంప్యూటర్ దగ్గరికి వెళ్లి కూర్చుంది.

అట్లా నేను ఇన్‌ఛార్జినయ్యాను. ఆమె మీద నేను చెప్పిన చాడీని ప్రిన్సిపాల్ బయటపెట్టలేదు, నేనూ చెప్పలేదు. సిగ్గుపడాల్సినవాణ్ణి, పడ్డాను కూడా. కానీ ఓర్వలేనితనం పోలేదు. పదేళ్లు నేను ఆశపడ్డ కుర్చీ ఆమెకు నిజంగానే అక్కర్లేదు. ఇప్పుడు దాంట్లో కూర్చునే ఆమెను చూసి కుళ్లుకుంటున్నాను.