గాజు లేని కిటికీల కోసం గోవాకు

మా ఊరు దివిసీమలో సముద్రపు గాలి నేరుగా తగిలేచోట ఉంది. గ్రంథాలయానికి మేడ కట్టి, దక్షిణపు కిటికీలకు మద్రాసు నుంచి గాజుపలకలు తెప్పించాం. వరసగా రెండేళ్ళు గాలివానకు అవి పగిలి పుస్తకాలు తడిసిపోయాయి. ఇక ఆ కిటికీలను ఇటుకతో మూసెయ్యాలని ఊరి పెద్దలు తీర్మానించారు. మూస్తే పట్టపగలు దీపం పెట్టుకుని చదవాలి. మేడ కట్టిన తాపీమేస్త్రీ సుబ్బయ్యను నేను మావయ్యా అంటాను, చుట్టరికమేమీ లేదు. తను పెట్టిన కిటికీని తన చేత్తోనే మూయడం ఆయనకు మింగుడుపడలేదు. గుడివాడలో ఒక రైల్వే గార్డు, గోవాలో పోర్చుగీసు మేడల కిటికీలకు గాజే ఉండదనీ, అక్కడి వానలకు కూడా అవి తట్టుకుంటాయనీ చెప్పాడు. దేనితో చేస్తారో ఆయనకు తెలియదు. మావయ్య పెద్దలను ఆషాఢం దాకా గడువు అడిగాడు. నేను బడిపంతులును, వేసవి సెలవులు. ఇద్దరం బయలుదేరాం.

పులిగడ్డ దగ్గర రేవు దాటి బస్సులో బందరు చేరి, పొద్దుటి బండి ఎక్కాం. బందరు నుంచి గోవా రేవు మార్మగోవా దాకా పట్టాల వెడల్పు ఒకటే. బెజవాడలో, గుంతకల్లులో బండి మారాలి. మూడో తరగతికి మనిషికి పది పన్నెండు రూపాయలవుతుంది. హుబ్లీ దాటాక కాసిల్ రాక్ వస్తుంది, అక్కడితో ఇంగ్లీషు వాళ్ళ రాజ్యం అయిపోతుంది. అక్కడి నుంచి బండి అడవిలోకి, సొరంగాల్లోకి దిగుతుంది. పక్కనే పాలధారలా జలపాతం పడుతుంటే పెట్టెలో అందరూ అటువైపు ఒరిగారు. మావయ్య మాత్రం ఇటు తిరిగి, సొరంగం కమానులో రాళ్ళు ఎలా పేర్చారో చూస్తున్నాడు. కూలెంలో పోర్చుగీసు సుంకం వాళ్ళు మూటలు విప్పించారు. మావయ్య మూటలో తాపీ చూసి ఇల్లు కట్టడానికా అని అడిగారు. చూడ్డానికేనని వచ్చీరాని హిందీలో చెప్పాను.

మార్మగోవా నుంచి పనజికి లాంచీ ఉంది. నది మలుపు తిరగగానే ఎర్రపెంకుల కప్పులు, పసుపు, నీలం గోడలు, కొండమీద తెల్లని చర్చి మెట్లు ఒక్కసారిగా కనిపించాయి. అంత పెద్ద ఊరు అంత శుభ్రంగా ఉండడం నేనెక్కడా చూడలేదు. రేవు దగ్గరి పూటకూళ్ళ ఇంట్లో దిగాం. వంటవాడు ఫ్రాన్సిస్ గుంతకల్లు రైల్వే కాంటీనులో చాలాకాలం పనిచేసినవాడు, తెలుగు బాగా వచ్చు. మన రూపాయి అక్కడా తీసుకుంటారు. చేపల పులుసులో కొబ్బరి ఎక్కువ.

నది ఒడ్డున ఒకప్పటి సుల్తాను మేడ ఇప్పుడు సర్కారు కచేరీ. అక్కడి బంట్రోతు ఫ్రాన్సిసుకు తెలిసినవాడు. కచేరీ వేళ దాటాక మమ్మల్ని పై అంతస్తుకు తీసుకువెళ్ళి, నది కనబడాలని కిటికీ తలుపులన్నీ బార్లా తెరిచాడు. మావయ్య వాటిని మూయమన్నాడు.

"కిటికీ చూసేకి వచ్చినోళ్ళను ఈయప్ప ఇప్పుడే చూస్తాండాడంట" అని బంట్రోతు మాట తెలుగులో చెప్పి నవ్వాడు ఫ్రాన్సిస్.

తలుపులు మూయగానే గది చీకటి కాలేదు. పల్చటి మజ్జిగలాంటి వెలుగు పరుచుకుంది. సన్నని చెక్కపట్టీల మధ్య గాడి తీసి, చదరంగా కత్తిరించిన పలకలు దూర్చారు. మేకు లేదు, లప్పం లేదు. మావయ్య ఒకదాన్ని గోటితో మీటి, మొహం దగ్గరగా పెట్టి చూశాడు.

"అల్లుడూ, ఇది మన పలక ఆల్చిప్పే. కాకినాడ నుంచి పడవల్లో తెప్పించి బట్టీలో కాల్చి సున్నం చేస్తన్నామే, అదే. ఇన్నాళ్ళూ కిటికీలు తగలేసి గోడలకి పూశామయ్యా."

నేనూ ఒక చిప్పను వేలితో నొక్కి చూశాను. అయినా మా సమస్య వెలుగు ఒక్కటే కాదు, గాలి. ఈ పల్చటి చిప్పలు గాలికి ఆగుతాయా అన్నది తేలలేదు.

మర్నాడు పాత గోవాకు వెళ్ళాం, నది వెంట బస్సులో గంట లోపే. వైస్రాయి కోట ఉన్నచోట గుమ్మం తప్ప మిగల్లేదు. ఆ గుమ్మం దాటి పైకి వెళ్తే, పెద్ద చర్చి పక్కన ఆర్చిబిషప్పు మేడ ఉంది, దాని కిటికీలూ చిప్పలవే. మేం దాని వసారాలో ఉండగా తొలివాన విరుచుకుపడింది. కొబ్బరిచెట్లు నేలకు వంగాయి. మావయ్య వాన జల్లులో నిలబడి కిటికీలకేసి చూస్తూ ఉన్నాడు. ఏదో టప్పున రాలింది. లోపలికి రమ్మంటే, వాన వెలిస్తే గాని రానన్నాడు. వెలిశాక చూస్తే కిటికీలో అరచేతంత ఒక్క కన్నం.

"ఒకటే పోయింది. పక్కది కదల్లేదు. గాజైతే పలకంతా పోయేది" అన్నాడు. తల తుడుచుకోమంటే వినిపించుకోలేదు.

తిరిగొచ్చి చెబితే, ఊళ్ళో మునసబు గారు గవ్వలతో పిల్లలాటా అన్నారు. మావయ్య బతిమాలి సముద్రం వైపు ఒక్క కిటికీకి మాత్రం ఒప్పించాడు, మిగతావి బల్లచెక్కలు కొట్టి మూశారు. కార్తీకంలో గాలివాన వచ్చి పాకల కప్పులు లేచిపోయాయి. తెల్లవారి మేం వెళ్ళేసరికి మునసబు గారు ముందే వచ్చి ఉన్నారు. పుస్తకాలు పొడిగా ఉన్నాయి. రాలిన చిప్పలు రెండు. వాటి బదులు రెండు దూర్చడానికి మావయ్యకు చుట్ట కాల్చినంత సేపు పట్టలేదు. "మిగతా కిటికీలు ఎప్పుడు మొదలెడతావు?" అన్నారు మునసబు గారు.

గోవా మేడలు గొప్పవే. వాటిని కట్టినవాళ్ళు ఆ ఒడ్డున దొరికినదాన్నే చేతిలోకి తీసుకున్నారన్నది నాకు ఇంకా గొప్పగా తోచింది. మన ఒడ్డున కూడా ఏముందో మనం సరిగ్గా చూడలేదు. వెళ్ళదలచినవారు మే నెలాఖరులో వెళ్ళండి. వానలు మొదలైతే లాంచీ నమ్మకం కాదు, తిరుగు ప్రయాణానికి మార్మగోవా దాకా రోడ్డుదారి ముందే కనుక్కుని ఉంచుకోండి.