ఫోన్ వచ్చాకే పెట్టె విప్పాలి

గోధుమరంగు టేపుకు ఒక వాసన ఉంటుంది. ఎండలో ప్రయాణం చేసి వచ్చిన అట్టపెట్టె మీదైతే అది మరీ ఘాటుగా ఉంటుంది. జిగురు, దుమ్ము, లారీలో మగ్గిన వేడి అన్నీ కలిసిన వాసన. మొన్న మధ్యాహ్నం బందరులో మా ఇంటి వరండాలో కొరియర్ మనిషి అలాంటి పెట్టె ఒకటి దించి వెళ్ళాడు. మా మనవరాలు కత్తెర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "తాతయ్యా, విప్పనా?" అంటూనే టేపు అంచు లాగింది. చర్రుమని చప్పుడైంది. "ఆగమ్మా, ఆగు" అన్న నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. పిల్ల బిత్తరపోయి కత్తెర కింద పెట్టేసింది. పెట్టె మీద పంపినవారి పేరు చూశాను. సలోమి గారి చెల్లెలు. సలోమి గారు పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ పెట్టె ఇవాళ్టిదాకా నా గదిలో, డైరీలు దాచుకునే బీరువా పక్కన, టేపు అంచు లేచినట్టే ఉండిపోయింది. ఎందుకు విప్పలేదో చెప్పాలంటే ముందు ఆవిడ గురించి చెప్పాలి.

ప్రభుత్వ గణాంకాల ఉద్యోగంలో రిటైరైన తరువాత, ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఒక పరిశోధన బృందంలో సూపర్వైజరుగా చేరాను. దాన్ని నడిపే ఆవిడే డాక్టర్ సలోమి గారు. గూడూరు దగ్గర పల్లెలో పుట్టి, చదువుకుని, యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన మనిషి. వయసులో నాకన్నా చాలా చిన్న. గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళిన ఆడవాళ్ళ ఇళ్ళలో పిల్లల చదువులు ఎలా సాగుతున్నాయి, అక్కడినుంచి వచ్చే డబ్బుతో ఇక్కడ ఏం కొంటున్నారు, కొన్నవాటిని ఎలా వాడుతున్నారు అన్నది ఆవిడ పరిశోధన. గుడివాడలో ఒక మేడమీద గదులు అద్దెకు తీసుకుని, అక్కడినుంచి రోజూ ఊళ్ళకు వెళ్ళేవాళ్ళం. నేను స్వతహాగా భయస్తుణ్ణి. ఫారాలు పూర్తవుతాయా, బస్సు దొరుకుతుందా, వాన వస్తుందా అని పొద్దున లేచింది మొదలు ఏదో ఒక ఆందోళన. అవన్నీ రాత్రి డైరీలో రాసుకుంటేగాని నిద్రపట్టేది కాదు. "కోటేశ్వరరావు గారూ, మీ డైరీలో నేనెలా ఉన్నాను?" అని ఒకరోజు అడిగారావిడ. "ఆలస్యంగా వచ్చారని ఉందండి" అన్నాను. "అయితే నిజాలే రాస్తున్నారన్నమాట" అని నవ్వారు.

ఆవిడ పనిచేసే పద్ధతి నాకు మొదట్లో కాలయాపనలా కనిపించేది. గుమ్మంలో నిలబడి ప్రశ్నలు అడగకూడదు. లోపల కూర్చోవాలి, మంచినీళ్ళు అడిగి తాగాలి, చుట్టూ చూడాలి. ఘంటసాల దగ్గర ఒక ఇంట్లో నేను మిక్సీ ఉందా అని అడిగాను. ఉందన్నారు. టిక్కు పెట్టి తరువాతి ప్రశ్నకు వెళ్ళబోతుంటే ఆవిడ ఆపారు. మిక్సీ అద్దాల అలమరలో, కంపెనీ కవరు తియ్యకుండా ఉంది. పక్కనే ఆ ఇంటి అత్తగారు రోట్లో పచ్చడి నూరుతోంది. "మిక్సీ పెట్టుకుని రోలేంటి అత్తయ్యా?" అన్నారు సలోమి గారు. "కోడలు కొన్నదమ్మా. అదొచ్చి దాని చేత్తో మొదలెట్టాలి. ఈలోగా నేను తిప్పి పాడుచేశాననుకో, ఆ దేశం నుంచే తిట్టిద్ది" అందావిడ. బయటికి వచ్చాక సలోమి గారు నాతో, "వస్తువు ఉందా అని ఎవరైనా అడుగుతారండీ. దాన్ని ఎవరు ముట్టుకుంటున్నారు, ఎవరు ముట్టుకోవడం లేదు, అది చూడండి" అన్నారు. ఆ మాట నేను డైరీలో రాసుకున్నాను గాని, దాని బరువు నాగాయలంక వెళ్ళేదాకా తెలియలేదు.

దసరా వెళ్ళిన కొత్తల్లో, బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్న రోజుల్లో, నాగాయలంక అవతల రొయ్యల చెరువుల మధ్యనున్న ఒక ఊరికి వెళ్ళాం. ఆకాశం కిందికి దిగినట్టుంది. చెరువుల్లో నీళ్ళకు గాలి పట్టించే చక్రాలు ఆగకుండా తిరుగుతున్నాయి. ఆ ఇంట్లో రమణమ్మ అనే పెద్దావిడ, ఆమె మనవరాలు మౌనిక ఉన్నారు. రమణమ్మ కూతురు దుర్గ కువైట్లో ఇంటిపనికి వెళ్ళింది. మౌనిక ఆ దుర్గ కూతురే. బడి ఉన్న రోజు, పదో తరగతి పిల్ల, కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చుంది. కిటికీలో ఫోను ఛార్జింగు పెట్టి ఉంది. అక్కడొక్కచోటే సిగ్నల్ అందుతుందట. బడికి ఎందుకు వెళ్ళడం లేదని అడిగాను. పిల్ల ఫోను వైపే చూసింది. నా ఫారంలో జవాబులు సిద్ధంగా ఉన్నాయి: అనారోగ్యం, ఇంటిపని, ఆసక్తి లేకపోవడం, ఇతరములు. ఇంటిపని దగ్గర టిక్కు పెట్టబోయాను.

సలోమి గారు పిల్లను చూడడం లేదు. మూలనున్న అట్టపెట్టెను చూస్తున్నారు. గోధుమరంగు టేపు చుట్టి, పైన నైలాను తాడు కట్టి, నల్ల మార్కరుతో రమణమ్మ పేరు, ఊరి పేరు రాసి ఉంది. "పెట్టె విప్పలేదేం పిన్నీ?" అన్నారు.

"మా దుర్గ ఫోన్లో ఉండాలమ్మా" అంది రమణమ్మ. "మా ఊళ్ళో అందరం అంతే. అది అక్కణ్ణించి ఒక్కోటి తియ్యమనిద్ది. ఇది పాపకి, ఇది నీకు, ఇది పక్కింటి పెద్దమ్మకి అని చెప్పిద్ది. అది లేకుండా విప్పితే పరాయోళ్ళ సొమ్ము విప్పినట్టుంటది."

"ఎప్పుడొచ్చింది పెట్టె?"

"వినాయక చవితి ముందు. ఆ దేశం నుంచి వచ్చినోళ్ళు తెచ్చిచ్చారు."

చవితి వెళ్ళింది, దసరా వెళ్ళింది. సలోమి గారు పిల్ల వైపు తిరిగి, చాలా మెల్లగా, "అమ్మ ఆఖరుసారి ఎప్పుడు మాట్లాడిందమ్మా?" అని అడిగారు. మౌనిక కిటికీలోంచి చూపు తిప్పకుండా, "పెట్టె పంపించానని చెప్పిందండి. అదే" అంది. తరువాత ఒక్కో మాటా వచ్చింది. అక్కడి ఇంటి యజమానురాలు మధ్యాహ్నం పడుకున్నప్పుడే అమ్మకు ఫోను చెయ్యడానికి వీలవుతుంది. అమ్మమ్మకు సరిగా వినపడదు. ఫోను మోగినప్పుడు తను బళ్ళో ఉంటే? అందుకని ఇంట్లోనే ఉంటోంది. ఇంకొన్నాళ్ళు ఇలాగైతే పరీక్షకు పంపేది లేదని బళ్ళో చెప్పేశారు.

సలోమి గారు ఫైలు మూసేశారు. "మేడమ్, ఇంకా సగం ప్రశ్నలున్నాయండి" అని గొణిగాను. "ఉండనివ్వండి" అన్నారు. అప్పుడు రమణమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, మీరు గవర్నమెంటోళ్ళా? నా కూతురు ఎట్లుందో కనుక్కోగలరా?"

"గవర్నమెంటు కాదు పిన్నీ. కనుక్కోగలనో లేదో కూడా తెలీదు. తెలీదనే చెప్తున్నా. కానీ అడిగి చూస్తా."

తిరిగి వస్తుంటే ఆటోలో నేనే మొదలుపెట్టాను. మన పని అడగడం, రాసుకోవడం వరకే కదా అన్నాను. "రేపు చెడ్డ కబురే వస్తే అది మన నోటితో చెప్పాల్సి వస్తుందండీ" అన్నాను. ఆవిడ చెరువుల వైపు చూస్తూ, "ఆ పిల్ల చేత ఆ మాట పైకి అనిపించింది మనమే కదండీ. అడిగి, విని, చీర దులుపుకుని లేచి వచ్చేస్తామా?" అన్నారు.

ఆవిడ రెండు పనులు మొదలుపెట్టారు. గూడూరులో తన చర్చివాళ్ళ ద్వారా, కువైట్లో ప్రార్థనకు కలుసుకునే తెలుగువాళ్ళకు కబురు పంపారు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మౌనిక బడికి వెళ్ళారు. హెడ్మిస్ట్రెస్ గారు వినగానే తల అడ్డంగా ఊపారు. "బళ్ళో ఫోన్లు నిషేధమండీ."

"పిల్ల చేతిలో వద్దండీ. మీ బల్ల మీద."

"బాగుంది. రోజుకొక అమ్మ ఫోన్ చేస్తే నేను పాఠం చెప్పేదెప్పుడు? నా బల్లేమన్నా టెలిఫోన్ ఎక్స్ఛేంజా?"

"ఆ ఎక్స్ఛేంజిలన్నీ మూసేశారు కదండీ. మీరైనా తెరవండి" అన్నారు సలోమి గారు.

హెడ్మిస్ట్రెస్ గారికి నవ్వు ఆగలేదు. సరే, కొన్నాళ్ళు చూద్దాం అన్నారు. ఆ మర్నాడు మౌనిక ఫోనును చేతిరుమాలులో చుట్టి, ఛార్జరుతో సహా తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టి వెంటనే వదల్లేదు. "సౌండు పెద్దది పెట్టానండి. తగ్గించకండి" అని రెండుసార్లు చెప్పి క్లాసుకు వెళ్ళింది.

తరువాతి రోజులన్నీ ఎదురుచూపులే. కువైట్ నుంచి కబురు లేదు. అల్పపీడనం తుఫానవుతుందని ఒకరు, కాదని ఒకరు. ప్రతి సాయంత్రం డైరీలో 'ఫోన్ రాలేదు' అని రాసేవాణ్ణి. గుడివాడ మెస్సులో సలోమి గారు అన్నం కెలికి వదిలేసేవారు. "మీకు భయంగా లేదాండీ?" అని ఒకసారి అడిగాను. "ఎందుకు లేదు? మీ అంత పద్ధతిగా రాసుకోను, అంతే" అన్నారు. ధైర్యస్థులు భయం లేనివాళ్ళని అప్పటిదాకా అనుకునేవాణ్ణి.

ఫోను వచ్చిన మధ్యాహ్నం నేను బళ్ళోనే ఉన్నాను. హాజరు వివరాలకోసం హెడ్మిస్ట్రెస్ గారి ఎదురుగా కూర్చున్నాను. బల్ల మీద ఫోను ఒక్కసారిగా మోగింది. కొత్త నెంబరు, పరాయి దేశానిది. ఆవిడ నన్ను చూశారు, నేను ఆవిణ్ణి చూశాను. ఎత్తి స్పీకరు పెట్టారు.

"మౌనీ..." అంది అవతలి గొంతు.

"నేను మీ పాప హెడ్మిస్ట్రెస్ని అమ్మా."

ఆ వెంటనే కేక. "మా పాపకేమైందండీ? ఫోన్ మీ దగ్గరెందుకుంది? ఏమైందో చెప్పండి మేడమ్!"

ఇన్నాళ్ళూ మేము ఈ ఒడ్డు నుంచే భయపడ్డాం. ఆ ఒడ్డున కూడా ఇంత భయం ఉంటుందని, మేము చేసిన ఏర్పాటే ఒక తల్లి గుండె ఆపేయగలదని తట్టలేదు. "ఏం కాలేదమ్మా, క్లాసులో ఉంది, లెక్కల క్లాసు" అని హెడ్మిస్ట్రెస్ గారు చెబుతూనే ఉన్నారు. "క్లాసులోనే ఉందా? ఒట్టేసి చెప్పండి" అని దుర్గ అడుగుతూనే ఉంది. నేను లేచి వరండాలోకి పరుగెత్తి పిల్లను కేకేశాను. మౌనిక వచ్చి ఫోను రెండు చేతులా పట్టుకుంది. ఎలా ఉన్నావని అడగలేదు, ఎందుకు చెయ్యలేదని అడగలేదు. "పెట్టె విప్పలేదమ్మా" అంది. అప్పుడు ఏడ్చింది.

పాత ఫోను పాడైందట. తను పనిచేసే ఇంటివాళ్ళు వేరే ఊరికి మారుతూ తననూ తీసుకెళ్ళారట. తోటి పనిమనిషి ఫోను అడిగి చేస్తోందట. సలోమి గారు పంపిన కబురు ఆమెకు అందనేలేదు. సాయంత్రం ఆ మాట చెబితే సలోమి గారు తలూపారు. "అంతేనంటారాండీ? ఇంకేమీ జరగలేదంటారా?" అన్నాను. "తెలీదండీ. ఆమె చెప్పింది అది. చెప్పనిది ఉంటే చెప్పుకోవడానికి ఇప్పుడు దారొకటుంది" అన్నారు. ఆ అనుమానం నాలో ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఆ ఆదివారం దుర్గ మళ్ళీ ఫోను చేసే వేళకు పెట్టె విప్పుతామని రమణమ్మ మమ్మల్ని పిలిచింది. మేము గుమ్మం బయటే అరుగు మీద కూర్చున్నాం. టేపు చర్రుమంది. "పైన దుప్పటి అమ్మమ్మకి. కింద సబ్బులు, రెండు పక్కింటి పెద్దమ్మకివ్వు. జామెట్రీ బాక్సు నీకు" అని దుర్గ గొంతు చెబుతోంది. "రేపు బడికి తీసుకెళ్తా" అని పిల్ల జవాబిస్తోంది. కాసేపటికి వస్తువులన్నీ బయటికి వచ్చేశాయి. లోపల ఏమీ లేదని మాకు గుమ్మంలోంచి కనిపిస్తూనే ఉంది. "అడుగున ఇంకేమన్నా ఉందేమో, చెయ్యి పెట్టి చూడు" అంది దుర్గ. "చూస్తున్నానమ్మా" అంది మౌనిక. ఖాళీ పెట్టెలో చెయ్యి తిప్పుతూ, "ఇంకా చూస్తున్నా" అంది. సలోమి గారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు, చాలాసేపు తుడిచారు.

మర్నాడు గుడివాడలో ఆవిడ ఫారం మార్చారు. బడి మానడానికి కారణాల్లో 'ఫోను కోసం ఇంట్లో ఉండడం' చేర్చారు. విప్పని వస్తువు ఏదైనా ఉందా, ఆఖరుసారి ఎప్పుడు మాట్లాడారు అన్న రెండు ప్రశ్నలు కొత్తగా పెట్టారు. పాత ఇళ్ళకు మళ్ళీ వెళ్ళాలంటే నేను గడువు గుర్తుచేశాను. "గడువన్నా భయమేనాండీ?" అన్నారు. వెళ్ళాం. ఆ పని ముగిసి చాలాకాలమైంది. ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా నా కళ్ళు ముందు మూలలు వెతుకుతాయి. దూరాన తమవాళ్ళున్నారని ఎవరు చెప్పినా, జీతమెంతని గాని, ఏం పంపారని గాని అడగను. ఆఖరుసారి ఎప్పుడు మాట్లాడారని అడుగుతాను. జవాబు వచ్చేదాకా వేరే మాట ఎత్తను.

ఇవాళ పొద్దున గూడూరుకు ఫోను చేశాను. "ఇంకా విప్పలేదాండీ?" అని ఆశ్చర్యపోయింది సలోమి గారి చెల్లెలు. "అక్కయ్య మీకిమ్మన్న పుస్తకాలేనండీ."

"మీరు ఫోన్లో ఉంటే విప్పుతామమ్మా" అన్నాను.

"ఉంటానండీ" అంది.

మనవరాలు టేపు లాగింది. పుస్తకాలు, వాటికింద ఊళ్ళు తిరిగేటప్పుడు ఆవిడ భుజాన వేసుకునే గుడ్డసంచి, సొట్టపడిన స్టీలు ఫ్లాస్కు. ఒక్కొక్కటే పేరు చెప్పి బయట పెట్టాను. ఆవిడ చెల్లెలు ఒక్కోదానికీ "ఆఁ, అదేనండీ, అదే" అంటోంది. అన్నీ అయిపోయాయి. "ఇంకేమన్నా ఉందా అండీ?" అని అడిగింది.

పెట్టె ఖాళీ అయిందని నాకు తెలుసు. "చూస్తున్నానమ్మా" అన్నాను. నా చెయ్యి ఇంకా లోపలే ఉంది.