వర్నా ‘ఔను’ అన్న రోజు

మా ఊరి సభ ఏటా మార్చి మొదటి మంగళవారం, బడి ఆటల హాల్లో జరుగుతుంది. పద్నాలుగేళ్లుగా దానికి మోడరేటర్ని నేనే. రూలు తప్పకుండా నడిపిస్తానని నాకో పొగరుంది. ఆ ఏడాది జరిగిన గందరగోళానికి మూలం ఆ పొగరే కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

కానీ ఈ కథ నాది కాదు, వర్నా స్టిక్నీది. ఇరవయ్యారేళ్లుగా బడి బస్సు నడుపుతోంది. అమెరికాలో ఈ ఉత్తరపు మూల, మా వెర్మాంట్ మంచులో ఒక్కసారి కూడా బస్సును గుంటలో దింపలేదు. వెనక పిల్లలు గోల చేస్తే అద్దంలోంచి ఒక్క చూపు చూస్తుంది, అంతే, ఎవరూ కిక్కురుమనరు. అలాంటి మనిషికి మార్చి వస్తే చాలు, ప్రాణం లేచొస్తుంది. తండ్రి వదిలివెళ్లిన మేపుల్ తోటలో, చెట్ల రసం కాచి తీపి పాకం చేసే పాక ఉంది. అన్న ఆల్డెన్ రసం మోసుకొచ్చి పొయ్యి ఎగదోస్తాడు. వర్నా గరిటె పైకెత్తి, పాకం అంచున పల్చటి తెరలా వేలాడిందో లేదో చూసి “దించు” అంటుంది. ఎప్పుడు దించాలో ఆల్డెన్‌కి ఈ జన్మలో తెలియదు. ఓ ఏడు ఆమె జ్వరంతో పడుకుంటే పెనమంతా మాడబెట్టాడు. ఇద్దరూ ఒంటరివాళ్లే. ఏడాది మొత్తంలో వాళ్లు కలిసి గడిపేది పాకం కాచే ఆ ఆరు వారాలే.

ఆ ఏడాది సభ కాగితంలో పందొమ్మిదో అంశం ఇది: పదవిలో ఉన్న దేశాధ్యక్షుడి మీద దర్యాప్తు జరిపించి, తప్పు తేలితే కోర్టుకి ఈడ్చమని మన ప్రతినిధులను కోరదామా? అంతే, ఊరు రెండుగా చీలిపోయింది. పోస్టాఫీసులో ఒక పార్టీవాళ్లు వరసలో ఉంటే రెండో పార్టీవాళ్లు బయటే చలిలో నిలబడేవారు.

ఆల్డెన్ అధ్యక్షుడి పక్షం. దుకాణంలో కాఫీ తాగుతూ, అందరూ వింటుండగానే చెల్లెలితో అనేశాడు: “కుర్చీలో ఉన్నవాణ్ణి కోర్టుల చుట్టూ తిప్పితే దేశాన్ని ఎవరు నడుపుతారు, నువ్వా, నీ బస్సా? దానికి ఓటేశావో, ఈ ఏడు పాక ఛాయలక్కూడా రాకు.”

“అయితే నీ పాకం నువ్వే మాడ్చుకో” అంది వర్నా. అనడమైతే అంది గానీ మొహం పాలిపోయింది.

మర్నాడు మా గేటు ముందు బస్సు ఆపింది. “విన్‌స్లో, నిజం చెప్పు. కుర్చీలో ఉన్నంతకాలం ఆయన్ని ముట్టుకోకూడదా? దిగేదాకా ఆగితే ఆ తప్పు ఎవరికి గుర్తుంటుంది? పోనీ ఇవాళ మనం వాళ్లాయన్ని లాగితే, రేపు వాళ్లు మనాయన్ని లాగరూ? ఎవరు చెప్పింది వింటే వాళ్లదే రైటనిపిస్తోంది నాకు.”

“మోడరేటర్ అభిప్రాయం చెప్పకూడదు” అన్నాను.

“నువ్వుండీ దండగే!” అని తలుపు ధడాల్న మూసుకుని పోయింది.

సభ రోజు భోజనాల తర్వాత పందొమ్మిదో అంశం వచ్చింది. చట్టం ముందు అందరూ సమానమేనని ఒకాయన. ఇది దర్యాప్తు కాదు, ఓడిపోయిన కడుపుమంటని ఇంకొకావిడ. “మీవాడు చేసినప్పుడు మీ నోళ్లు పడిపోయాయేం?” అని వెనకనుంచి ఒక కేక. గంటసేపు ఇదే గోల. చివరికి లైబ్రరీ నడిపే హారియెట్ లేచి, అంశాన్ని పక్కన పెట్టాలని ప్రతిపాదించింది. రూలు ప్రకారం ముందు దాని మీదే ఓటు; అందులో ‘ఔను’ అంటే దర్యాప్తు వద్దని. గబగబా చదివేశాను. ఔననేవాళ్లు లేవాలి, లెక్కయ్యాక కాదనేవాళ్లు లేవాలి.

“ఔనంటే దర్యాప్తుకి ఔనా, వద్దనడానికి ఔనా?” అని ఎవరో అడిగారు.

“చదివాను కదండీ, చెవుల్లో దూది పెట్టుకున్నారా?” అని కసిరాను. సిగ్గులేని పని చేశాను.

‘ఔను’ పిలవగానే వర్నా అన్న పక్కనుంచి లేచింది. ముందు కుర్చీని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఆల్డెన్ ఆమెను కొరకొరా చూశాడు. ‘కాదు’ పిలిచినప్పుడు అతను గుంజలా నిటారుగా నిలబడ్డాడు.

ఔను యాభై ఎనిమిది, కాదు యాభై ఒకటి. “అంశం పక్కకి పోయింది. అంటే దర్యాప్తు కోరడం లేదు” అన్నాను. హాలంతా గొల్లుమంది. “మరి నేను దేనికి ఓటేసినట్టు?” అని డజను గొంతులు ఒకేసారి అడిగాయి. వర్నా సభ కాగితంలో పందొమ్మిదో అంశం మళ్లీ చదువుకుంది. ఆల్డెన్ టోపీని తిప్పుతూ కూర్చున్నాడు.

కోట్లు తగిలించే మూలలో ఆల్డెన్ నా భుజం పట్టుకున్నాడు. “పొరబడ్డానురా విన్‌స్లో. దర్యాప్తు వద్దనుకుని ‘కాదు’కి లేచాను. కానీ వర్నా చూడు, తెలిసే లేచింది, నాకోసం. నా సంగతి ఎవరికైనా చెప్పావో, చంపేస్తా.”

పది నిమిషాలకి బడి వంటగదిలో గిన్నెలు తుడుస్తూ వర్నా: “దర్యాప్తు కావాలనే లేచాను విన్‌స్లో. పాక పోతే పోయిందనుకున్నాను. తీరా చూస్తే నా ఓటు దర్యాప్తు వద్దనేవాళ్లకి పడింది. ఆల్డెన్ మాత్రం తెలిసే, నాకోసం ‘కాదు’కి లేచాడు. నాకు తల కొట్టేసినట్టుంది.”

నా బుర్ర తిరిగిపోయింది. ఎవరు ఎవరి పక్షమో నాకే తెలియకుండా పోయింది.

శనివారం చెట్లు రసం కార్చడం మొదలెట్టాయి. గబగబా చదివి ఊరిని తికమకపెట్టిన పాపం చెప్పేసుకుందామని పాకకి వెళ్లాను. లోపలంతా ఆవిరి. ఆల్డెన్ మా ఊరి అలవాటు ప్రకారం గిన్నెలో మంచు మీద వేడి పాకం పోసి, తీపికి విరుగుడుగా పక్కన పుల్లటి దోసకాయ పచ్చడి ముక్క పెట్టి నాకిచ్చాడు. నేను నోరు తెరిచేలోపే, పెనం ముందు అటు తిరిగి నిలబడ్డ వర్నా మాట్లాడింది.

“ఆల్డెన్, నేను నీకోసం లేవలేదు. నీకు ఎదురు తిరగాలనే లేచాను. తికమకపడ్డాను, అంతే. పొమ్మంటే పోతాను.”

కట్టె పట్టుకున్న ఆల్డెన్ చెయ్యి ఆగిపోయింది. అరవయ్యేళ్ల బతుకులో ఎవరికీ ఒక్క మాట తగ్గని మనిషి. నావైపు ఒకసారి చూసి, కట్టె పొయ్యిలో పెట్టాడు.

“నేను మాత్రం తెలిసే లేచాను” అన్నాడు. “పాకం చూసుకో, మాడుతుంది.”

వర్నా పెనం మీదికి వంగింది. గరిటె ఎత్తి చూసి “దించు” అంది.

నేను పచ్చడి ముక్క నములుతూ కూర్చున్నాను. మోడరేటర్ అభిప్రాయం చెప్పకూడదు.