పటేలు హుకుం లేని దండోరా

నారాయణఖేడ్ నుంచి మనూర్ వెళ్లే దారిలో ఉన్న ఆ ఊళ్లో లాజరు గొంతు తెలియని చెవి లేదు. కంట్రోలు దుకాణానికి కిరోసిన్ వచ్చినా, తప్పిపోయిన ఎద్దు దొరికినా, ముందుగా ఊరికి తెలిసేది ఆయన దండోరాతోనే. చదువు రాదు గాని, ఒకసారి విన్న మాటను పొల్లు పోకుండా వాడవాడకూ మోసేవాడు. అందుకు జీతం, కోతలయ్యాక కల్లంలో కొలిచి ఇచ్చే ధాన్యం వంతు. ఒక్కటే కట్టుబాటు. ఏ దండోరా అయినా "పటేలు హుకుం" అని మొదలు కావాలి. గొంతు లాజరుది, మాట పటేలుది. ముప్పై ఏళ్లుగా తన సొంత మాట ఒక్కటైనా ఆ గొంతులోంచి వీధిలోకి రాలేదని ఆయనకు తోచనే లేదు. తప్పు పట్టకండి, తోచే తీరిక ఇస్తే కదా తోచడానికి.

లాజరు భార్య సాలమ్మ, వాడలోని మరో పదిమంది ఆడవాళ్లు తెల్లవారకముందే పటేలు మాణిక్యప్ప ఇంటికి వెట్టికి పోయేవారు. వాకిలి ఊడ్చాలి, కొట్టంలో పేడ ఎత్తాలి, కూలి అడగకూడదు. అత్తలు చేశారు కాబట్టి కోడళ్లూ చేయాలి. వద్దని రెండుసార్లు నోటితో మొర పెట్టుకున్నారు. మూడోసారి కాగితం మీద రాయించి తీసుకుపోతే పటేలు దాన్ని అందుకోవడానికి చేయి కూడా చాచలేదు. అరుగు మీద పెట్టి వచ్చారు.

అది 1976, జులై నెల. ఆదివారం ప్రార్థన అయ్యాక, బడిలో పాఠాలు చెప్పి రిటైరైన యోసేపు సారు చర్చి మెట్ల మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. అమెరికాలో రెండు వందల ఏళ్ల పండుగ అట. దేనికని లాజరు అడిగాడు.

"వాళ్లను గూడ ఇంగ్లీషు రాజే ఏలిండు లాజరూ. పన్నులేసిండు, ఫౌజును దింపిండు. వాళ్లు అర్జీల మీద అర్జీలు రాసిండ్రు. ఆఖరి అర్జీ సముద్రం దాటి పోతే, రాజు దాన్ని తీస్కోనే లేదు."

లాజరు చేతిలో చుట్ట ఆరిపోయింది. "మల్ల ఏం జేసిండ్రు?"

"ఇగ అడుగుడు బంద్ జేసిండ్రు. రాజు జేసిన తప్పులన్నీ ఒక్కొక్కటి కాయిదం మీద రాసి, నీకు మాకు సంబంధం లేదు పో అన్నరు. దొరికితే ఉరి తీస్తరని ఎరికే. అయినా యాభై ఆరు మంది దస్కతు వెట్టిండ్రు. దాన్ని ఊరూర జనాన్ని జమ జేసి గట్టిగ సదివిండ్రు. ఒక్క ఊళ్లెనైతే, అది ఇన్నోళ్లు ఉరికి పోయి రాజు బొమ్మను గుంజి కింద పడేసిండ్రు."

"సదివినోడు ఎవరు సారూ?"

ఇన్నేళ్ల పాఠాల్లో సారును ఎవరూ అడగని ప్రశ్న అది. "ఊరికొకడు. నీ అసుంటోడే."

"ఎవరి హుకుం అని సదివిండు?"

"ఎవరి హుకుం లేదు. గా దేశం జనం పేరు మీద సదివిండు."

లాజరు ఆరిన చుట్టను మెట్టు మీద పెట్టేశాడు. రాజు పేరెత్తకుండా, పటేలు పేరెత్తకుండా, జనం పేరు మీద ఒక మనిషి నడివీధిలో గొంతెత్తవచ్చునా? ఎత్తితే రాజ్యమే కదులుతుందా? అంత పెద్ద మాట మోసిన ఆ పేరు తెలియని గొంతును తలచుకుంటే ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకో మాట అడిగాడు.

"గక్కడ మన అసుంటి వెట్టోళ్లు లేకుండెనా?"

సారు అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఉండిరి. మనుషులందరు సమానమని రాసినోళ్ల ఇండ్లల్లనే బానిసలుండిరి. వాళ్ల పేర్లు గా కాయిదంల ఎక్కలేదు."

ఇంటికొచ్చి సాలమ్మకు అంతా చెప్పాడు. ఆమె చాట పక్కన పెట్టింది.

"నువ్వు గట్ల అరిస్తే కల్లంల మన వంతు పోతది."

"పోతది."

"డప్పు ఊరిది అంటరు. గుంజుకుంటరు."

"గుంజుకుంటరు."

ఆమె చాట మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అయితే గట్టిగ అర్వు. ఈ నడుమ నీ గొంతు తగ్గింది."

మరునాడు పొద్దు వాలాక లాజరు వీధిలో డప్పు మీద పుల్ల వేశాడు. ఆ చప్పుడుకు దుకాణంలో తక్కెడ ఆగింది, అరుగుల మీద మాటలు ఆగాయి. పటేలు హుకుం అన్న మాట కోసం ఊరంతా చెవి పెట్టింది. లాజరు పుల్ల ఆపి గొంతెత్తాడు.

"ఇనుండ్రి. ఇది పటేలు హుకుం గాదు, మా వాడ మాట. మూడుసార్లు అడిగినం, ఇగ అడగం. రేపటి సంది మా ఆడోళ్లు వెట్టికి రారు. రానోళ్ల పేర్లు జెప్తున్న. సాలమ్మ. గ్రేసమ్మ. పోశమ్మ. హన్మమ్మ..."

పదకొండు పేర్లు. పుట్టినప్పటి నుంచి ఒసేయ్, ఏమేయ్ అన్న పిలుపులే విన్న ఆడవాళ్ల పేర్లు, కిరోసిన్ కబురు పలికినంత గట్టిగా, పటేలు గుమ్మం ముందు కూడా పలికాడు. ఏ తలుపూ తెరుచుకోలేదు. తన గొంతు అంత దూరం పోతుందని లాజరుకే అప్పటిదాకా తెలియదు.

తెల్లవారి పటేలు వాకిలి ఊడవకుండానే మిగిలింది. పిలవడానికి వచ్చిన మనిషి వాడలో పదకొండు గుమ్మాల ముందూ నిలబడి ఒట్టి చేతులతో మళ్లాడు. పోతూ పోతూ లాజరు ఇంట్లోని డప్పును పట్టుకుపోయాడు. ఆ ఏడు కల్లంలో వంతు రాలేదు, ఆ పై ఏడూ రాలేదు. కంకర కొట్టి బతికారు. ఆ పదకొండు మందిలో ఒక్కరూ మళ్లీ పటేలు వాకిట్లో చీపురు పట్టలేదు.

డప్పు పోయిన ఆ పొద్దున సాలమ్మ తన సొంత వాకిలి ఊడుస్తోంది. ఆ వేళప్పుడు ఆమెను ఇంటి దగ్గర చూడటం లాజరుకు పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఆమె నడుం ఎత్తి మొగుడి దిక్కు చూసింది.

"నిన్న నా పేరు పిలుస్తవని బుగులై చెవులు మూసుకున్న. ఇంకొక్కసారి పిలువు."

"డప్పు లేదు గదనే."

"గొంతున్నది గద."

లాజరు వాకిట్లో నిలబడి, ఊరంతా వినపడేలా సాలమ్మ పేరు పిలిచాడు.